అయిపోయింది

మార్కాపురంలో కంభం రోడ్డు మీద టైర్ల దుకాణం నడుపుతున్న ముస్తాక్ అహ్మద్ మంచివాడే, పనీ తెలిసినవాడే. ఉన్న ఒక్క అవలక్షణం ఏమిటంటే, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటాడు. నాలుగో కాలు తెచ్చి కళ్ల ముందు పెట్టినా అది తోకేమో చూడమంటాడు. ఇంట్లో ఈ గుణాన్ని భార్య చాంద్‌బీ ఎలాగో నెట్టుకొచ్చింది. దుకాణంలో అలా కుదరదు. అక్కడ బిగించే ప్రతి నట్టు మీదా ఎవరిదో ఒక ప్రాణం ప్రయాణం చేస్తూ ఉంటుంది.

ఈసారి తండ్రీకొడుకుల తగువు బ్యాటరీ గన్ను దగ్గర వచ్చింది. చక్రాల నట్లు విప్పి బిగించే యంత్రాన్ని ఆ పనిలో ఉన్నవాళ్లంతా గన్ను అనే అంటారు. ముస్తాక్ దగ్గర ఉన్నది గాలి గన్ను. దానికి కంప్రెసరు ఉండాలి, పైపు అందాలి. రోడ్డు మీద ఎవరి కారో ఆగిపోయిందని ఫోనొస్తే అది దుకాణం గుమ్మం దాటి రాదు. స్పానరు తీసుకుని పోవాలి, నట్టు కదలకపోతే స్పానరెక్కి తొక్కాలి. ముస్తాక్ కుడి భుజం అలా తొక్కీ లాగీ పట్టేసింది. అందుకని కొడుకు యాసిర్ బ్యాటరీ గన్ను కొందామని ఏడాదిగా పోరుతున్నాడు.

చాంద్‌బీ తమ్ముడు బాబావలికి బజారులో హార్డ్‌వేరు కొట్టుంది. అతను రెండు గన్నులు పంపి, సాయంత్రం దాకా వాడి చూసి నచ్చింది ఉంచుకోమన్నాడు. ఒకటి ఎత్తితే మణికట్టుకు తెలిసేంత బరువు. బ్యాటరీలో ఎంత మిగిలిందో చెప్పడానికి దాని వెనక చిన్న చిన్న దీపాలున్నాయి. రెండోది తేలిక. దాని పెట్టె మీద బలం ఎంతో చెప్పే అంకె మాత్రం బరువుదానికన్నా పెద్దగా వేశారు. దానికి దీపాలూ లేవు, గీపాలూ లేవు.

ముస్తాక్ తేలికదాన్ని ఎత్తిపట్టి ఒకసారి గాల్లో తిప్పాడు. భుజం నొప్పి పుట్టలేదు. టకటకమని చప్పుడు బాగా వచ్చింది. అంతే, ఆయన కుందేటికి కాళ్లు మూడయిపోయాయి. యాసిర్ చెప్పి చూశాడు. పెట్టె మీద వేసిన అంకె విప్పే బలానిదనీ, బిగించే బలం అందులో సగం కూడా లేదనీ అన్నాడు. చార్జింగు దిగేకొద్దీ దీనికి చప్పుడు ఉంటుంది గానీ పట్టు ఉండదనీ, దీపాలు లేవు కాబట్టి ఆ సంగతి మనకు తెలియదనీ అన్నాడు.

"ముప్పై ఏళ్లుగా ఇనుముతో చేస్తాండా," అన్నాడు ముస్తాక్. "నా చెవే నాకు దీపం. నువ్వు దీంతోనే చెయ్యి ఈరోజు."

ఆ దుకాణంలో ముస్తాక్ పెట్టిన నియమాలు రెండున్నాయి. ఒకటి, గన్ను ఎంత గట్టిదైనా చివరి పట్టు చేత్తో, స్పానరుతోనే పట్టాలి. రెండోది, గిరాకీ ముందు తండ్రీకొడుకులు తెలుగే మాట్లాడాలి. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. ఎప్పుడో ఒక పెద్దమనిషి, వీళ్లు మనకు అర్థంకాని మాటల్లో రేటు కుదుర్చుకుంటున్నారని నలుగురిలో అన్నాడు. ఆ మాట ముస్తాక్‌కు ముల్లులా దిగబడింది. ఆనాటి నుంచి దుకాణంలో ఉర్దూ బందు. రెండు నియమాలూ మంచివే, కాదనడానికి లేదు.

మధ్యాహ్నం అన్నాలవేళకు కొనకనమిట్ల నుంచి పుల్లయ్య కారు వచ్చింది. పుల్లయ్య కందులూ మిరపా పండించే రైతు, ముస్తాక్‌కు పాత గిరాకీ. తమ్ముడూ అంటే అన్నా అనుకునే మనుషులు. కారు నడుపుతున్నది కొడుకు శ్రీకాంత్. ముందు సీట్లో పుల్లయ్య భార్య వెంకటసుబ్బులమ్మ కూర్చుని ఉంది. ఆమెకు రెండు కళ్లలోనూ పొరలు ముదిరి మనుషులు నీడల్లాగా కనిపిస్తున్నారు. నంద్యాలలో ఆపరేషను. చీకటి పడకముందే ఆసుపత్రిలో చేరాలి. గిద్దలూరు దాటాక నల్లమల ఘాటు ఎక్కి దిగాలి కాబట్టి, అరిగిన ముందు టైర్లు వెనక్కీ, వెనకవి ముందుకూ మార్చమని శ్రీకాంత్ అడిగాడు.

యాసిర్ తేలిక గన్ను తీసుకుని కూర్చున్నాడు. ముస్తాక్ జాకీ దగ్గర నిలబడ్డాడు. ఈలోగా పుల్లయ్య తన సెల్లులో చార్జింగు లేదన్నాడు. దుకాణంలో ఖాళీగా ఉన్న ప్లగ్గు లేదు. ఒకదాంట్లో తేలిక గన్ను రెండో బ్యాటరీ చార్జింగు ఎక్కుతోంది. ముస్తాక్ దాన్ని పీకి పుల్లయ్య సెల్లు పెట్టాడు. వచ్చినవాళ్లకు మర్యాద చేయడంలో ఆయన ఎన్నడూ వెనకాడినవాడు కాదు.

మూడు చక్రాలు బాగానే అయ్యాయి. గన్నుతో బిగించడం, కిందికి దింపడం, యాసిర్ స్పానరుతో చివరి పట్టు పట్టడం. ముస్తాక్ చూస్తూనే ఉన్నాడు. ఒక్క బ్యాటరీతో నాలుగు చక్రాలూ అయితే కొడుకు నోరు మూసినట్టే అని లోపల ముచ్చటపడుతూ ఉన్నాడు. మిగిలింది ఎడమ ముందు చక్రం, అంటే వెంకటసుబ్బులమ్మ కూర్చున్న వైపుది. ముస్తాక్ బానెట్ ఇవతల నిలబడి పుల్లయ్యతో మిరప ధరలు మాట్లాడుతున్నాడు. అవతల టకటక వినిపించింది, ఆగింది.

"అయిపోయిందా?" అని కేకేశాడు ముస్తాక్.

"అయిపోయింది," అన్నాడు యాసిర్. అని లేచి దుకాణం లోపలికి పోయాడు.

ముస్తాక్ ముఖం వెలిగిపోయింది. చూశారా, ఒక్క బ్యాటరీతో, అని పుల్లయ్యకు గొప్పగా చెప్పాడు. చుట్టూ తిరిగి వచ్చి జాకీ దింపాడు. నట్లు వాటి వాటి చోట్ల కనిపిస్తూనే ఉన్నాయి. ఆ సంబరంలో చివరి పట్టు సంగతే మరిచి, వాటి మీద ప్లాస్టిక్ మూత పెట్టి అరచేత్తో కొట్టాడు. ఆపరేషను బాగా జరగాలని వెంకటసుబ్బులమ్మకు చెప్పాడు. కారు కంభం వైపు తిరిగి వెళ్లిపోయింది.

యాసిర్ లోపల రెండో బ్యాటరీ కోసం వెతికాడు. ప్లగ్గులోంచి పీకేసిన చార్జరు మీద అది సగం ప్రాణంతో కనిపించింది. విసుక్కుని, పెట్టెలోంచి బరువు గన్ను తీసి, దానితో వచ్చిన నిండు బ్యాటరీ తగిలించుకుని బయటికొచ్చాడు. చక్రం ఉండాల్సిన చోట జాకీ పడి ఉంది.

"కారేది అబ్బా?" అని తండ్రిని అడిగాడు.

"పోయింది. నువ్వే కదా అయిపోయిందన్నావ్."

"బ్యాటరీ అయిపోయిందన్నా."

ముస్తాక్‌కు ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగడానికి కొంచెం సేపు పట్టింది. అదే ఇంట్లో అయితే యాసిర్, బ్యాటరీ సంగతైతే ఉతర్‌గయా అనేవాడు, పని సంగతైతే హోగయా అనేవాడు. రెంటికీ మధ్య అనుమానానికి చోటే ఉండదు. తెలుగులో మాత్రం బియ్యం నిండుకున్నా అయిపోయిందే, పెళ్లి జరిగినా అయిపోయిందే. తెలుగే మాట్లాడాలని పట్టుబట్టింది తానే. విన్నది కూడా తనకు కావలసినట్టు తానే.

ఎన్ని బిగించావని అడిగాడు. ఒక్కటి, అదీ గట్టిగా కాదు అన్నాడు యాసిర్. మిగతావి పడిపోకుండా వేళ్లతో తిప్పి వదిలినవి.

ముస్తాక్ వెంటనే పుల్లయ్యకు ఫోను కొట్టాడు. దుకాణంలోనే, గోడ దగ్గర, పుల్లయ్య సెల్లు మోగింది.

ఆ మోత విని తండ్రీకొడుకులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. యాసిర్ సగం షట్టరు లాగి మోటారు సైకిలు తీశాడు. ముస్తాక్ ఒక గోతంలో బరువు గన్ను, స్పానరు, జాకీ వేసి ఒళ్లో పెట్టుకుని వెనక ఎక్కాడు. చేతిలో పుల్లయ్య సెల్లు. దాంట్లో కొడుకు పేరు వెతికి నొక్కాడు. రింగయింది, అవతల కట్ చేశారు. మళ్లీ నొక్కాడు. మళ్లీ కట్. మూడోసారి శ్రీకాంత్ ఎత్తాడు. వెనక పాటలు మోగుతున్నాయి.

"చిన్నాయనా, నాయన సెల్లు మర్చిపోయినాడని తెలుసు. ఆడనే ఉండనీ, వచ్చేటప్పుడు తీసుకుంటాం," అన్నాడు. అని పెట్టేశాడు.

ఇక ఆ సెల్లు నుంచి ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ముస్తాక్ తన సెల్లు నుంచి చేశాడు. తెలియని నంబరు చూసి లోన్లు అంటగట్టేవాళ్లని అనుకున్నాడో ఏమో, దాన్నీ ఎత్తలేదు. నిజం చెప్పడానికి చేతిలో రెండు సెల్లులున్నాయి, వినేవాడు లేడు.

రోడ్డు బాగుంది, అదే భయం. బాగున్న రోడ్డు మీద ఎవడూ నెమ్మదిగా పోడు. ముస్తాక్‌కు వదులైన చక్రం సంగతి తెలుసు. మొదట చిన్నగా కొట్టుకుంటుంది. కొట్టుకున్నకొద్దీ ఉన్న ఒక్క నట్టూ వదులవుతుంది. తర్వాత బోల్టులు తెగుతాయి. చక్రం కారును వదిలేసి తన దారిన తాను పోతుంది. ఆ చక్రం పైన ఉన్న సీట్లో కళ్లు కనిపించని మనిషి కూర్చుని ఉంది. ఎదురుగా లారీ వచ్చినా ఆమెకు తెలియదు. ఘాటు మలుపుల్లో ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. ముస్తాక్ కళ్లు మూసుకుని, నోటికొచ్చిన దువా చదువుతూ కొడుకు భుజం పట్టుకున్నాడు. ఇంకా తొందరగా పోనీ అన్నాడు. జన్మలో ఎప్పుడూ కొడుకుతో ఆ మాట అన్నవాడు కాదు.

కంభంలో పంక్చర్లేసే అంకయ్య గుర్తొచ్చాడు. అతనికి ఫోను చేసి, తెల్ల కారు, ముందు సీట్లో ముసలామె, ఎట్లయినా ఆపమని చెప్పాడు. కారు నంబరు అడిగితే చెప్పలేకపోయాడు. ఇన్నేళ్లుగా ఆ కారు చక్రాలే చూశాడు గానీ దాని నంబరు ఎప్పుడు చూశాడు. అంకయ్య పాపం రోడ్డుకు అడ్డంగా నిలబడి ఒక తెల్ల కారును ఆపనే ఆపాడు. అది ఎవరో పెళ్లివాళ్లది. వాళ్లు దిగి అతన్ని తిడుతుండగా పక్కనుంచి ఇంకో తెల్ల కారు పాటలు పెట్టుకుని దాటిపోయిందట. ముందు చక్రం కొంచెం ఊగినట్టు అనిపించిందన్నా, అని ఫోనులో చెప్పాడు అంకయ్య. ముస్తాక్ ఆ మాట కొడుకుతో చెప్పలేదు.

కంభం దాటారు. ముస్తాక్ ఇప్పుడు కారు కోసం చూడటం మానేశాడు. రోడ్డు పక్కన పొలాల్లోకి దొర్లిపోయిన చక్రం ఎక్కడైనా పడుందా అని చూస్తున్నాడు. దూరాన జనం గుమిగూడి కనిపించారు. యాసిర్ బండి నెమ్మదించాడు. వాడి వీపు బిగుసుకుపోవడం ముస్తాక్ చేతికి తెలిసింది. దగ్గరికి వెళ్తే వాళ్లు గిద్దలూరు బస్సు కోసం నిలబడ్డ కూలీలు. తెల్ల కారేదైనా చూశారా అంటే, రోజూ వంద పోతాయి అన్నారు. ముస్తాక్‌కు ఏడుపొచ్చింది. గోతం మీద ముఖం పెట్టుకున్నాడు.

ఇంకొంత దూరం పోయాక వేపచెట్టు కింద తెల్ల కారు కనిపించింది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. బండి ఆగకముందే ముస్తాక్ దూకాడు, పడబోయి నిలదొక్కుకున్నాడు. కారు అవతలి వైపు నుంచి మనుషుల మాటలు వినిపించాయి. మాటలు కాదు, పోట్లాట. ఆ పోట్లాట ఆయన చెవులకు అజాన్ అంత చల్లగా వినిపించింది.

వెంకటసుబ్బులమ్మ మైలురాయి మీద కూర్చుని ఉంది. ఎక్కనంటే ఎక్కనంటోంది. కంభం ముందు నుంచీ కాళ్ల కింద ఏదో కొట్టుకుంటోందని ఆమె చెబుతూనే ఉందట. రోడ్డమ్మా అది, అని శ్రీకాంత్ పాటల శబ్దం పెంచాడట. ఇక లాభం లేదని, వాంతి వస్తోందని అబద్ధం చెప్పి ఆపించింది. దిగింది. దిగిన మనిషి మళ్లీ ఎక్కడం లేదు. ఆపరేషనంటే భయపడి ఈమె వేషాలేస్తోందని శ్రీకాంత్ కోపం. పుల్లయ్య ఎవరి వైపు మాట్లాడాలో తెలియక తువ్వాలుతో చెమట తుడుచుకుంటున్నాడు.

ముస్తాక్ చేతిలో తన సెల్లు చూసి పుల్లయ్య కళ్లు చెమర్చాయి. సెల్లు ఇయ్యడానికి ఇంత దూరం ఎండనపడి వచ్చినావా తమ్ముడూ, నీలాంటోడు ఉండడు, అని చెయ్యి పట్టుకున్నాడు. శ్రీకాంత్ కూడా సిగ్గుపడి, ఫోను పెట్టేసినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు.

అక్కడ ముస్తాక్‌కు ఒక దారి దొరికింది. సెల్లు ఇచ్చేసి, ఎటూ వచ్చాం కదా, ఒకసారి చక్రాలు చూస్తామని చెప్పి, గుట్టుగా బిగించేసి, దండం పెట్టించుకుని పోవచ్చు. యాసిర్ తండ్రి వైపే చూస్తున్నాడు. అన్న మాట వెనక్కి తీసుకోని మనిషికి ఇంతకన్నా మంచి దారి ఎక్కడ దొరుకుతుంది. ఒక్క క్షణం ఆ ఆశ ముస్తాక్‌కు పుట్టిన మాట నిజం.

ఆయన ఎడమ ముందు చక్రం దగ్గర గొంతుకూర్చుని ప్లాస్టిక్ మూత పీకాడు. అప్పటికే ఊడి మూతలో పడి ఉన్న నట్లు గలగలమన్నాయి. మూతను అలాగే పళ్లెం పట్టినట్టు పట్టుకుని లేచి, అందరికీ కనిపించేలా చాపాడు.

"సెల్లు కోసం రాలేదన్నా. దీనికి వచ్చినాం," అన్నాడు. "వాడు బ్యాటరీ అయిపోయిందని చెప్పినాడు. నేను పని అయిపోయిందనుకున్నా. చూడకుండానే మూత పెట్టినా. తప్పు నాది."

పుల్లయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. శ్రీకాంత్ మూతలోకి చూసి, తల్లి కూర్చున్న సీటు వైపు చూశాడు. పోయి పాటలు ఆపేసి వచ్చాడు.

యాసిర్ జాకీ ఎత్తి చక్రం విప్పాడు. బోల్టుల మరలు దెబ్బతినలేదు. చక్రం రంధ్రాలు మాత్రం కొద్దిగా ఒరుసుకున్నాయి. దాన్ని పక్కన పెట్టి స్టెప్నీ వేశాడు. బరువు గన్ను వెనక దీపాలన్నీ వెలుగుతున్నాయి. ముస్తాక్ వాటినే చూస్తూ, దీన్నే ఉంచుకుందాం అన్నాడు. యాసిర్ గన్నుతో బిగించి, కిందికి దింపి, స్పానరుతో చివరి పట్టు పట్టాడు. లేచి, చెప్పబోయిన తెలుగుమాట నాలుక చివర ఆపేసుకున్నాడు.

"హోగయా, అబ్బా," అన్నాడు.

గిరాకీ ముందు ఉర్దూ ఏందని ముస్తాక్ అడగలేదు.

శ్రీకాంత్ తల్లి చెయ్యి పట్టుకుని, ఇక లేమ్మా, పొద్దు పోతాంది అన్నాడు. ఆమె లేచింది గానీ కారు వైపు అడుగు వెయ్యలేదు. నీడల్లో ముస్తాక్ నీడ ఏదో పోల్చుకుని అటు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు.

"ముస్తాకూ, నీ కొడుకును ఎక్కించు. నేను కూచున్న సీట్లోనే కూచోబెట్టు. ఘాటు దాటినాక దిగి బస్సుకు వచ్చేస్తాడు. అట్లయితేనే నేనెక్కేది."

అదేం మాటని పుల్లయ్య అడ్డం పోబోయాడు. ముస్తాక్ వద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఆమె అడిగినదాంట్లో తప్పు ఎక్కడుందో ఆయన వెతికాడు, దొరకలేదు. యాసిర్ చేతులు తుడుచుకుని వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. వెంకటసుబ్బులమ్మ తడుముకుంటూ వెనక ఎక్కింది. శ్రీకాంత్ ఇంజను వేశాడు.

"ఆగు," అన్నాడు ముస్తాక్.

స్పానరు తీసుకున్నాడు. కొడుకు కాళ్లకు దగ్గరగా ఉన్న చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని మొదటి నట్టుకు తగిలించి లాగాడు. అది కదల్లేదు, బిగిసే ఉంది. అయినా లాగాడు. పట్టేసిన భుజం కలుక్కుమంది. రెండో నట్టుకు పోయాడు. ఆ చక్రం ముగించి వెనక చక్రానికి పోయాడు, మూత పీకాడు, లాగాడు. అటు తిరిగి అవతలి వైపు రెండిటికీ పోయాడు. ప్రతి నట్టుకూ స్పానరు కిర్రుమనేదాకా లాగాడు. యాసిర్ అద్దంలోంచి తండ్రినే చూస్తున్నాడు.

వెనక సీట్లో వెంకటసుబ్బులమ్మ తల వంచి ఆ కిర్రులన్నీ ఒక్కొక్కటే వింది. ఆఖరి మూత చప్పుడయ్యాక, చెమటతో తడిసిన ముస్తాక్ ఆమె కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు అయిపోయింది," అంది ఆమె. "పోనీ శ్రీకాంతూ."